ఇంటిపేరు లేని కాగితం

పిల్లను ఇచ్చేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడవలెనని తెలుగునాట పెద్దలు చెప్పే మాట. చెప్పినంత సులభంగా చూచినవారు మాత్రం అరుదు. పితృకార్యంలో పురోహితుడు అడిగేది మూడు తరాల పేర్లే. తండ్రి పేరు చెప్పడానికి తడుముకోనక్కరలేదు. తాత పేరు కూడా నోటనే ఉంటుంది. ముత్తాత దగ్గరకు వచ్చేసరికి కర్త గొంతు తగ్గి, చూపు పక్కనున్న పెదనాయన వైపు మళ్ళుతుంది. అంతకు పైవారు అందరికీ పెద్దలే, ఎవరికీ పేర్లు లేనివారే.

ఈ మరపు వల్ల ఊళ్ళో ఉన్నవారికి ఇంతకాలం పెద్దగా నష్టం కలుగలేదు. ఇల్లు కదలలేదు, చేను కదలలేదు. తనకు తెలియకపోయినా, రచ్చకట్ట మీద కూర్చున్న ముసలివారిలో ఒకరు "వీడు ఫలానావాని మునిమనుమడు" అని చెప్పగలిగినారు. నష్టమంతా ఊరు విడిచినవారిది. ఆ ముసలివారు వారి వెంట ఓడ ఎక్కలేదు.

ఇప్పుడు ఆ ఏడు తరాల మాట సామెతగా మిగలక చట్టంలోకి వచ్చినది. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము మారిషస్ వెళ్ళినప్పుడు, అక్కడి భారతసంతతివారికి ఏడవ తరం వరకు ఓసీఐ కార్డు పొందే వీలు కల్పిస్తున్నట్లు ప్రకటించినారు. ఈ కార్డు ఓటుహక్కును ఇవ్వదు. రాకపోకలకు, నివాసానికి తలుపు తీస్తుంది. కానీ ఆ తలుపు తట్టేవాని చేతిలో కాగితం ఉండవలె. ఏడు తరాల వెనుక ఓడ ఎక్కిన మనిషి ఎవరో, తనకూ ఆయనకూ నడుమ ఉన్నవారెవరో వరుసగా చూపవలె. పెండ్లిచూపులలో మాటవరసకు అనుకున్నది కచేరీలో రుజువు చేయవలసి వచ్చినది.

ఆ ఓడలు ఎక్కినవారు కొద్దిమంది కాదు. 1834 మొదలు మారిషస్‌కు చెరకు తోటలలో ఒప్పందపు కూలీలుగా వెళ్ళిన భారతీయులు సుమారు 4,50,000 మంది. వారు దిగిన పోర్ట్‌లూయీ రేవుమెట్లను, ఆప్రవాసీ ఘాట్ పేరుతో, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చినది. నేటాల్‌కు మొదటి ఓడ 'ట్రూరో' 1860 అక్టోబరు 12న మద్రాసులో లంగరెత్తి, నవంబరు 16న డర్బన్ చేరినది. అందులో 342 మంది ఉన్నారు. 1911 వరకు నేటాల్ చేరిన 1,52,000 మందిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి పోయినవారే. ఫిజీకి 1879 నుండి 1916 వరకు 60,000 పైచిలుకు వెళ్ళగా, 1903 నుండి దక్షిణాదివారు కూడా వారిలో చేరినారు. వీరిలో తెలుగువారు అధికంగా విశాఖ, గోదావరి, కృష్ణా తీరాలనుండీ, ఉత్తర ఆర్కాడు నుండీ పోయినారు. మారిషస్‌లో తెలుగువారికి 'కోరంగులు' అన్న పేరు వచ్చినది గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు వల్లనే.

సముద్రం ఎరుగని కడపజిల్లా వాటా వీటిలో చిన్నది. చిన్నదైనా ఉన్నది. ధాత నామ సంవత్సరంలో మొదలైన 1876–78 నాటి కరువు దత్తమండలాలను ఎండగట్టినప్పుడు, అప్పటికే మద్రాసు నుండి రాయచూరు వరకు రైలు పడి ఉన్నది. అది కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా పోతుంది. జమ్మలమడుగు, మైలవరం ప్రాంతపు పల్లెలలో చేను లేని కూలివానికి, మగ్గం ఆగిన నేతగానికి, ముద్దనూరు వరకు నడిస్తే మద్రాసు దూరం కాదు. మద్రాసులో కూలీలను చేర్చే డిపో ఉన్నది. ఆ పైన ఉన్నది ఓడ.

ఓడ ఎక్కేముందు ప్రతి మనిషికి ఒక పాసు వ్రాసినారు. ఫిజీ పాసులలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, దగ్గరి బంధువు పేరు, ఎత్తు ఎన్ని అడుగులు ఎన్ని అంగుళాలు, ఒంటిమీది పుట్టుమచ్చ లేక గాయపు గుర్తు, ఇవన్నీ వరుసగా గళ్ళలో ఉంటవి. మారిషస్‌లో 1860ల తరువాత కూలీల ఛాయాచిత్రాలు కూడా తీసి భద్రపరచినారు. మనిషి పారిపోతే పట్టుకొనడానికి వ్రాసుకొన్న గుర్తులు ఇవి. మనుమడు వెదుకుతూ వస్తాడని తలచి వ్రాసినవి కావు. అయినా ఆ యజమానుల అనుమానమే నేడు ఆ సంతతికి ఉపకారమైనది. మోకాలో ఉన్న మహాత్మాగాంధీ సంస్థలో మారిషస్ పత్రాలు ఉన్నవి. ఫిజీ పాసులు అక్కడి జాతీయ పురాలేఖశాలలో ఉన్నవి. నేటాల్ ఓడల పట్టికలు కంప్యూటరులోకి ఎక్కినవి.

అన్ని గళ్ళు ఉన్న ఆ కాగితంలో ఒక్క గడి లేదు. అది ఇంటిపేరు.

తెలుగువానికి ఇంటిపేరు పేరుకు ముందు తగిలించిన అలంకారం కాదు. అది తరచుగా ఊరి పేరే. రాజంపేట దగ్గరి తాళ్ళపాక గ్రామం నుండి వచ్చినందువల్లనే అన్నమాచార్యుల వంశం తాళ్ళపాకవారైనది. కొడుకు, మనుమలు తిరుపతిలో స్థిరపడినా ఆ ఊరు వారి పేరుకు ముందు నడుస్తూనే వచ్చినది. మైలవరపువారు అన్న ఇంటిపేరు వినగానే వారి పూర్వులకు ఒక మైలవరంతో పొత్తు ఉన్నదని పసిపిల్లవానికి కూడా తెలుస్తుంది. ఒకే ఇంటిపేరువారు అన్నదమ్ములు అవుతారు కావున వారిలో వారు పిల్లను ఇచ్చుకొనరు. ఇంత బరువు మోసే మాటకు ఇంగ్లీషు గుమాస్తా కాగితంలో చోటు లేకపోయినది. ఓడ దిగిన తరువాత పుట్టిన పిల్లలకు ఇంటిపేరు కావలసి వచ్చినప్పుడు, తండ్రి పేరునో, నాయుడు, రెడ్డి వంటి కులబిరుదునో దాని స్థానంలో నిలిపినారు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకొన్న అప్పలస్వామి దక్షిణాఫ్రికాలో ఒక వంశానికంతటికీ ఇంటిపేరైనాడు. అమెరికాలో దిగిన ఇటలీవారి పేర్లను రేవు గుమాస్తాలు మార్చివేసినారని ఒక కథ వాడుకలో ఉన్నది. అక్కడి గుమాస్తాలు ఓడలో తెచ్చిన పట్టికనే చూచి టిక్కు పెట్టినారనీ, పేర్లు మార్చుకొన్నది తరువాత ఆ వలసవారేననీ చరిత్రకారులు తేల్చినారు. తెలుగు కూలీ విషయం అట్లా కాదు. అతని ఇంటిపేరును మార్చినవారెవరూ లేరు. అడిగినవారు కూడా లేరు.

అడగకపోవడం వల్ల కలిగిన చిక్కుకు తంబి నాయుడు కుటుంబం ఒక నిదర్శనం. ఆయన 1875లో మారిషస్‌లో పుట్టి, ట్రాన్స్‌వాల్ చేరి, గాంధీజీ సత్యాగ్రహంలో ముందువరుసలో నిలిచి పలుమార్లు జైలుకు పోయినారు. ఆయన కుమారుడు నారన్‌సామి నాయుడు టాల్‌స్టాయ్ ఫారంలో గాంధీజీ సంరక్షణలో పెరిగినారు. మనుమడు ఇంద్రెస్ నాయుడు 1963లో పట్టుబడి పదేండ్లు రాబెన్ ద్వీపపు చెరలో గడిపినారు. మనుమరాలు శాంతి నాయుడు కూడా నిర్బంధానికి గురి అయినారు. మూడు తరాల త్యాగానికి జైలు పుస్తకాలే సాక్ష్యం. ముందుకు నడిచిన కథ ఇంత స్పష్టంగా ఉండగా, వెనుకకు పోయే దారి ఒక్క అడుగుతోనే ఆగుతుంది. ఆయన తల్లిదండ్రులు మద్రాసు ప్రాంతం నుండి మారిషస్ వచ్చినవారనీ, ఆయన తమిళుడనీ, తెలుగు కూడా కొంత తెలుసుననీ గాంధీజీ తమ దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో వ్రాసినారు. నాయుడు అన్నది తెలుగు బిరుదు. తమిళదేశంలో శతాబ్దాలుగా కాపురమున్న తెలుగు కుటుంబాలూ ఆ బిరుదును నిలుపుకొన్నవి. కేవలం బిరుదు చూచి ఆ వీరుని తెలుగువానిగా లెక్క కట్టడం తొందరపాటు, కాదనడమూ తొందరపాటే. ఒక్క ఇంటిపేరు దొరికి ఉంటే ఆ వాదానికి చోటే ఉండదు.

ఇంటిపేరు పోయినప్పుడు మిగిలిన దారి ఊరి పేరు. ఆ దారి కూడా చక్కనిది కాదు. పాత పత్రాలలో కడప ఇంగ్లీషు వర్ణక్రమం వేరు. నేటి వర్ణక్రమం 2005లో అధికారికంగా మారినది. నేటి అక్షరాలతో వెదికేవానికి పాత పట్టికలో కడపే కనిపించదు. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు కడపజిల్లాలోనివి. అంతకు ముందటి పాసులో కడపజిల్లా అని ఉన్నవారి మనుమడు నేటి కడపలో ఎంత తిరిగినా ప్రయోజనం ఉండదు. మైలవరం అని మాత్రమే ఉంటే, అది పెన్న ఒడ్డున జమ్మలమడుగు దగ్గరి మైలవరమో, విజయవాడకు ఎగువనున్న మైలవరమో ఎవరు చెప్పవలె? అందరికంటె పెద్ద అడ్డు నీరు. మైలవరం దగ్గర పెన్నకు ఒక జలాశయం ఉన్నది. దానికి ఎగువ, గండికోట దగ్గర 26.85 టి.ఎం.సి.ల జలాశయం ఉన్నది. 2020లో గండికోటలో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ అయినది. రాయలసీమకు నీరు కావలె. అందులో వాదం లేదు. కానీ ఊరు కదిలినప్పుడు ఇండ్లకు, చేలకు లెక్క కట్టినారే కాని, ఏ వీధిలో ఏ ఇంటిపేరువారు ఎన్ని తరాలుగా ఉన్నారన్న లెక్క ఎవరూ కట్టలేదు. ఇంటివారు తలా ఒక దిక్కుకు పోయిన తరువాత ఆ లెక్క కట్టడం కష్టం.

ఇక్కడనే తెలుగు చదివినవారి పని ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలలో నలిగిన పేరును విని దాని ఊరిని పసికట్టడం తెలుగు చెవికే సాధ్యం. ఓబులేసు, ఓబులమ్మ అన్న పేర్లు అహోబిలం చుట్టుపట్ల, అనగా కర్నూలు, కడప సీమలలో, విరివిగా వినవస్తవి. పెంచలయ్య అంటే నెల్లూరు పెంచలకోన గుర్తుకు రావలె. అప్పలనాయుడు అంటే విశాఖ వైపు చూడవలె. గుమాస్తా ఇంటిపేరును అడగకపోయినా, తల్లి పెట్టిన పేరులో ఇలవేలుపు దాగి, ఆ వేలుపుతోపాటు ఒక సీమ దాగి ఉన్నది. ఇది పూర్తి రుజువు కాదు. దారిలో దీపం మాత్రమే.

మరి ఇటువైపు ఉన్న పత్రాల సంగతి ఏమిటి? 1800లో దత్తమండలాలు కుంఫిణీవారి చేతికి వచ్చిన తరువాత థామస్ మన్రో పొలం పొలం కొలిపించినాడు. కాలిన్ మెకంజీ ఊరూరా కైఫీయత్తులు వ్రాయించినాడు; కడపజిల్లా కైఫీయత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంవారు అచ్చు వేసినారు. 1860ల నాటి ఇనాం రిజిస్టర్లలో ఇనాందారుల వంశక్రమం ఉన్నది. ఇవన్నీ గొప్ప సంపదలే. ఐతే వీటిలో ఉన్నది ఎవరు? రాజు, గుడి, అర్చకుడు, కరణం, రెడ్డి, పట్టాదారు. చేను లేనివాని పేరు చేల లెక్కలోకి రాదు. మాలపల్లెలో, మాదిగగూడెంలో పుట్టి ఇతరుల చేలో పని చేసి చనిపోయిన మనిషి గురించి ఈ పుస్తకాలలో ఒక్క పంక్తి ఉండదు. అదే మనిషి తమ్ముడు మద్రాసు పోయి ఓడ ఎక్కి ఉంటే, అతని తండ్రి పేరు, ఎత్తు, ఎడమ మోచేతి మీది మచ్చ వరకు సముద్రానికి ఆవల ఒక పెట్టెలో భద్రంగా ఉన్నవి. పుట్టిన గడ్డ వ్రాసుకొనని పేరును కట్టుకూలి కాగితం వ్రాసుకొన్నది. తెలుగువారు సిగ్గుపడవలసిన సంగతి ఇది.

నోటిమాటగా వంశాన్ని నిలిపినవారు లేకపోలేదు. పిచ్చిగుంట్లవారు రెడ్ల గోత్రాలను, వంశాలను పాడినారు. డక్కలివారు మాదిగల కులకథను మోసినారు. ఆదరించే చేయి తగ్గినకొద్దీ ఆ గొంతులూ తగ్గినవి. జమ్మలమడుగు ప్రాంతంలో పని చేసిన లండన్ మిషనరీ సొసైటీవంటి సంఘాలవారు జ్ఞానస్నానాల, వివాహాల పుస్తకాలు ఉంచే ఆచారం తెచ్చినారు. పల్లెలలోని పేదకుటుంబాలకు దొరికే వ్రాత ఆధారాలలో ఇవి ముఖ్యమైనవి. జనన మరణాలు వ్రాసే పని గ్రామాధికారులది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య గ్రామాధికారం రద్దయినది. ఆ రద్దు న్యాయమైనదే. కానీ అధికారంతోపాటు కట్టలు కూడా అన్నిచోట్లా చేతులు మారలేదు. కొన్ని పాత కరణాల ఇండ్ల అటకల మీదనే చెదలకు మిగిలినవి.

ఇటలీలో ఏమి జరిగినదో చూస్తే తేడా తెలుస్తుంది. 1563లో ట్రెంటు మహాసభ ప్రతి చర్చిలో జ్ఞానస్నానాలను, పెండ్లిళ్ళను పుస్తకంలో వ్రాయవలెనని శాసించినది. 19వ శతాబ్దంలో ప్రభుత్వమే పుట్టుక, పెండ్లి, చావులను నమోదు చేసినది. స్త్రీకి పెండ్లి అయినా ఆ పుస్తకాలలో పుట్టింటి పేరే ఉంటుంది. కావున తల్లివైపు వంశం కూడా తెగిపోదు. తెలుగు పాసులో స్త్రీకి ఉన్నది ఒక్క గంగమ్మో, చెంగమ్మో అన్న పేరు మాత్రమే. ఈ పుస్తకాల బలంతోనే అమెరికా, అర్జెంటీనా, బ్రెజిల్ దేశాలలో నాలుగైదు తరాలుగా ఉన్నవారు ఇటలీ పల్లెకు వచ్చి ముత్తాత పుట్టిన పుటను తిరగవేయగలుగుతున్నారు. వచ్చేవారు పెరిగిపోగా 2025లో ఇటలీ చట్టం మార్చి, వంశం వల్ల వచ్చే పౌరసత్వాన్ని సామాన్యంగా తల్లిదండ్రులు, తాత అవ్వల వరకే పరిమితం చేసినది. అక్కడ పుస్తకం ఉన్నది, తలుపు మూసుకొంటున్నది. ఇక్కడ తలుపు ఏడు తరాల వరకు తెరచుకొన్నది, పుస్తకం లేదు.

ఇంతకూ తవ్వి తీయడం దేనికని అడిగేవారు ఉన్నారు. కులం పేరు అవమానంగా మోసినవాడు సముద్రం దాటి దానిని వదలించుకొన్నాడు. దానిని మళ్ళీ మనుమని ముందు పెట్టడం న్యాయమా అని వారి ప్రశ్న. ప్రశ్న సరియైనదే. జవాబు చెప్పవలసినవాడు ఆ మనుమడే. తన పూర్వుని కాగితం చదవాలో, మూసిపెట్టాలో అతని ఇష్టం. కాగితమే లేకుండా చేసి, నీ మంచికే అనడం ఇతరులకు తగదు. రెండవ జంకు ఊళ్ళో ఉన్నవారిది. దేశాంతరం నుండి ఎవరో వచ్చి ఫలానావాని మునిమనుమడినంటే, చేలో పాలు అడుగుతాడేమోనని గుమ్మంలోనే మాట తడబడుతుంది. ఓడ ఎక్కిన కూలీలలో చాలామందికి విడిచిపోవడానికి చేనే లేదని ఇంతవరకు చెప్పినదే జవాబు. వచ్చేది పాలు కోసం కాదు, పలకరింపు కోసం.

చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మైలవరం మండలంలో ఊరికొక పుస్తకం పెట్టవచ్చును. సంక్రాంతి సెలవులలో కళాశాల విద్యార్థులు వీధి వీధి తిరిగి, పెద్దపేట పల్లె అన్న భేదం లేకుండా, ప్రతి ఇంటిపేరును, ఆ ఇంటి పెద్దలకు గుర్తున్నంతవరకు పూర్వుల పేర్లను, కోడళ్ళ పుట్టింటి పేర్లను, ఊరు విడిచిపోయినవారిని వ్రాయవచ్చును. చేను లేని ఇండ్లతో మొదలు పెట్టడం న్యాయం. ఉన్నవారికి వేరే పుస్తకాలు ఉన్నవి. మునిగిన ఊళ్ళవారిని పునరావాస కాలనీలలో ముందుగా అడగవలె, ఎందుకనగా అక్కడి వృద్ధులతోనే ఆ వీధుల పటం పోతుంది. అటకల మీది కట్టలకు, చర్చి పుస్తకాలకు నకళ్ళు తీయించవలె. అన్నిటికీ ఒక్కొక్క ప్రతి కడప బ్రౌన్ కేంద్రంలో ఉంచవచ్చును. 1953 వరకు కడపజిల్లా మద్రాసు రాష్ట్రంలోనిది కావున, చెన్నై పురాలేఖశాలలోని కడపజిల్లా కాగితాలకు తెలుగులో ఒక సూచిక కూడా అవసరం.

ఇది గతించినవారికోసం మాత్రమే కాదు. కడపజిల్లా నుండి కువైట్‌కు ఇంటిపనికి, డ్రైవరు పనికి పోయిన ఆడవారు, మగవారు వేలమంది. వారి పాస్‌పోర్టులో ఇంటిపేరుకు గడి ఉన్నది. ఆ గడిలో ఏ అక్షరాలు పడినవో, పిల్లల కాగితాలలో ఏవి పడినవో చూచుకొన్నవారు తక్కువ. నూరేండ్ల తరువాత వారి మనుమరాలు ఒకతె మైలవరం బస్సు దిగి, చేతిలో ఒక కాగితం పట్టుకొని, పేరు సరిగా పలుకలేక నిలబడవచ్చును. ఆ రోజున పంచాయతీ కచేరీలో ఉన్నవారు బీరువా తెరచి, పుస్తకం తీసి, "కూర్చోమ్మా, మీ ఇంటిపేరు ఇది" అని చూపగలిగితే చాలును. ఆ బీరువాలో పుస్తకం ఉండవలెనంటే వ్రాయవలసినవారు నేడు బ్రతికి ఉన్నవారే.